కళింగపట్నం పేరు వినగానే కాలువలు తీయండి

వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటుతుందంటే, మహబూబాబాద్ జిల్లా దంతాలపల్లి రైతు మనకేం కాదులే అనుకుంటాడు. 2024 ఆగస్టు 31 అర్ధరాత్రి ఒక వాయుగుండం అక్కడే దాటింది. తెల్లారేసరికి మరిపెడ దగ్గర ఆకేరు వాగు రోడ్డు మీదుగా పారింది. కేసముద్రం దగ్గర రైలుకట్ట కొట్టుకుపోయింది.

వానాకాలపు వాయుగుండం ఎక్కువగా పడమర, వాయవ్య దిక్కులకు కదులుతుంది. దానికి నైరుతి భాగాన వాన దంచికొడుతుంది. అది ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మీదుగా పోతుంటే ఆ నైరుతి భాగంలో ఉండేది మనమే.

పడమటి కనుమలు అరేబియా గాలిని అడ్డగించి కొంకణంలోనే కురిపిస్తాయి. కొండ దిగేసరికి ఆ గాలి పొడిబారుతుంది, అందుకే మహబూబ్‌నగర్ వైపు వాన తక్కువ. మన పాఖాల, ములుగు గుట్టలకు అంత ఎత్తు లేదు. అయినా 2023 జూలై 27 ఉదయానికి ఒక్క రోజులో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8, భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5 మిల్లీమీటర్లు పడింది. మోరంచపల్లి ఊరే మునిగింది. అంత తేమను మోసుకొచ్చింది బంగాళాఖాతపు అల్పపీడనం. కాబట్టి గుట్టలకేసి కాదు, గాలికేసి చూడండి.

చెట్లు లేని చెలకలో గాలికి వీపు పెట్టి నిలబడితే వాయుగుండం మీ ఎడమ చేతి వైపు ఉంటుంది. వానాకాలంలో పడమటి గాలి బలంగా వీస్తూ, రేడియోలో కళింగపట్నం, గోపాల్‌పూర్ పేర్లు వినబడుతుంటే ఆ రోజే పనిలోకి దిగండి. పత్తి, మిరప చేలలో నీళ్లు పోయే కాలువలు తీయండి. యూరియా చల్లడం, మందు కొట్టడం ఆపండి. పాలేరు వాగు ఒడ్డున మోటార్లుంటే పైకి తెచ్చుకోండి. మన ఊళ్లో చినుకు పడకున్నా జనగామ వైపు కురిసిన వానతో వాగు పొంగుతుంది.

అక్టోబరు నుంచి లెక్క మారుతుంది. తుపాన్ల దారి దక్షిణానికి జరుగుతుంది, మనకు తూర్పు, ఈశాన్య గాలి తగులుతుంది. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటిన మొంథా తుపాను, మర్నాడు ఉమ్మడి వరంగల్‌లో కోతకొచ్చిన వరిని పడగొట్టింది. అప్పుడు మచిలీపట్నం, నరసాపురం పేర్లు వినబడితే కోసిన వడ్లను కల్లంలో వదలకండి.

వాన తగ్గాక ముందు చేలో నిలిచిన నీళ్లు తీసేయండి. పత్తికి లీటరు నీటికి 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ కలిపి పిచికారీ చేయండి. మొక్కలు వడలుతుంటే లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లలో పోయండి. ఉరుములు వినబడుతుంటే మాత్రం చేలోకి వెళ్లకండి.