గోడ మీది ప్రశంసాపత్రం



ఒక ఉదయం భద్రాచలం ఏరియా ఆసుపత్రి ముందు గంటసేపు నిలబడి చూడండి. గోదావరి వంతెన దాటి వచ్చే ఆటోలు, చర్ల, దుమ్ముగూడెం వైపు నుండి వచ్చే బస్సులు, చింతూరు మీదుగా ఛత్తీస్‌గఢ్ కుంట నుండి, ఒడిశా మల్కన్‌గిరి నుండి వచ్చే జీపులు కనిపిస్తాయి. దిగేవారిలో నిండు గర్భిణులుంటారు, జ్వరంతో వడలిపోయిన పసివారుంటారు. కొందరికి తెలుగు వస్తుంది, కొందరికి కోయ మాట తప్ప మరో మాట రాదు. వీరిలో ఎవరూ ఆసుపత్రి గోడ మీద ఏ ప్రశంసాపత్రం తగిలించారో చదివి లోపలికి వెళ్ళరు. అడవి దాటి రాగానే దొరికే పెద్దాసుపత్రి అది గనుక వెళతారు. అందువల్ల ఆ పత్రం అంటే ఏమిటో చదువు వచ్చిన మనకైనా తెలిసి ఉండాలి. ఈ వారం పాఠం దాని గురించే.

ఉత్తమ ఉపాధ్యాయుడికి శాలువ కప్పడం, మంచి డాక్టరుగారికి సన్మానం చేయడం మనకు అలవాటే. అది మంచిదే. అయితే ఒక వ్యక్తిని కాక మొత్తం ఆసుపత్రిని, మొత్తం పాఠశాలల వ్యవస్థను పరీక్షించి గుర్తింపు ఇవ్వడం వేరే సంగతి. లూకా సువార్త పదవ అధ్యాయంలోని మంచి సమరీయుని ఉపమానం మనకందరికీ తెలుసు. గాయపడినవాడిని సత్రానికి చేర్చి, రెండు దెనారములు ఇచ్చి, మరునాడు సమరీయుడు తన దారిన వెళ్ళిపోయాడు. ఆ తరువాత గాయాలు కడిగింది ఎవరు? రాత్రి నీళ్ళు పట్టింది ఎవరు? సత్రపు యజమాని, అతని పనివారు. ప్రసంగాలలో వారి ప్రస్తావన అరుదుగా వస్తుంది. మనసు కరిగి ఒకసారి చేసిన సహాయం సమరీయునిది. ఎవరు వచ్చినా, ఏ వేళ వచ్చినా, చూసేవారు ఉన్నా లేకపోయినా ఒకే తీరున జరగవలసిన సేవ సత్రానిది. నేను చెప్పబోయే గుర్తింపులన్నీ సత్రానికి వేసే మార్కులే.

మన దేశంలో ప్రభుత్వాసుపత్రులకు ఇటువంటివి ముఖ్యంగా రెండున్నాయి. ఒకటి 2015లో కేంద్ర ఆరోగ్య శాఖ ప్రారంభించిన ‘కాయకల్ప’ పురస్కారం. ఆవరణ నిర్వహణ, పారిశుధ్యం, చెత్త వేరుచేయడం, ఒకరి రోగం మరొకరికి అంటకుండా చూడడం వంటివి అందులో చూస్తారు. ముందుగా ఆసుపత్రివారే తమకు తాము మార్కులు వేసుకోవాలి. తరువాత వేరొక ఆసుపత్రివారు వచ్చి వేస్తారు. చివరిగా బయటి పరిశీలకులు వస్తారు. నూటికి డెబ్బై దాటితేనే లెక్క. వచ్చిన సొమ్ములో ముప్పాతిక వంతు ఆసుపత్రి సౌకర్యాలకు, పావు వంతు పనిచేసిన సిబ్బందికి చెందుతుంది. సిబ్బంది అంటే డాక్టర్లు మాత్రమే కాదు, ఊడ్చేవారు కూడా. రెండవది 2013లో వచ్చిన జాతీయ నాణ్యతా ప్రమాణాల ధ్రువపత్రం. ఇది ఇంకా లోతైనది. రోగి హక్కులు, మందులు, వైద్యం జరిగే తీరు, చివరికి వచ్చిన ఫలితాలు, ఇలా ఎనిమిది విభాగాలుగా పరిశీలిస్తారు. జిల్లా ఆసుపత్రి నుండి పల్లెలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా అన్నింటికీ ఇది ఉంది. పొందిన పత్రం మూడేళ్ళే చెల్లుతుంది. ఆ మూడేళ్ళలోనూ ఏటేటా తనిఖీ ఉంటుంది.

ఆ పరిశీలకులు పరీక్షించే విధానం నాకు బాగా నచ్చింది. కళ్ళతో చూస్తారు, రికార్డులు తిప్పుతారు, రోగిని అడుగుతారు, పనివారిని అడుగుతారు. నేల తుడిచే ఆయమ్మ దగ్గరకు వెళ్ళి, ‘అమ్మా, నేల మీద రక్తం ఒలికితే నువ్వు ఏం చేస్తావు?’ అని అడుగుతారు. పసుపు డబ్బాలో ఏది వేయాలి, ఎర్ర డబ్బాలో ఏది వేయాలి, వాడిన సూది ఎక్కడికి పోవాలి అని అడుగుతారు. సూపరింటెండెంటుగారు ఎంత పెద్ద చదువు చదివినా ఆ ప్రశ్నకు జవాబు ఆయమ్మే చెప్పాలి. ఆమె తడబడితే మార్కులు పోయేవి ఆసుపత్రికే. మన విచారణలలో ఎన్ని సమావేశాలలో స్వీపరును కూర్చోబెట్టి అడిగాం? అది పక్కన పెడదాం.

ప్రసవాల గది కోసం ‘లక్ష్య’ అనే మరొక కార్యక్రమం 2017 డిసెంబరులో మొదలైంది. కాన్పుగది, ఆపరేషన్ థియేటర్ ఎంత భద్రంగా ఉన్నాయో చూసి గుర్తింపు ఇస్తారు. ఈ ప్రాంతంలో దాని విలువ వేరుగా చెప్పనక్కరలేదు. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. అటువంటి రోజులలో కాన్పు దగ్గరపడిన తల్లులను గూడేల నుండి ముందే ఆసుపత్రికి చేర్చవలసి వస్తుంది. అదే ఏడాది నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా కలెక్టరుగారి భార్య భద్రాచలం ప్రభుత్వాసుపత్రిలోనే ప్రసవించారు. పత్రికలన్నీ రాశాయి. ఏ పత్రం కన్నా అదే పెద్ద గుర్తింపు అని చాలామంది అన్నారు. నేను సగమే ఒప్పుకుంటాను. కలెక్టరుగారి ఇంటి ఇల్లాలికి ఏ మంచం, ఏ శుభ్రత, ఏ మాటతీరు దక్కిందో, అర్ధరాత్రి ట్రాక్టరులో వచ్చిన కోయ తల్లికీ అదే దక్కాలి. నాణ్యత అనే మాటకు అర్థం అది. దాన్ని ఒక్క రోజు వార్త నిరూపించలేదు. ఏటేటా వచ్చే పరిశీలకుడు కొంతవరకు నిరూపించగలడు.

మన శ్రీసభకు ఇది కొత్త విషయం కాదు. ఆస్ట్రేలియాలో డాక్టరు చదివి, కంటి వైద్యంలో అనుభవం గడించిన మేరీ గ్లౌరీ 1920లో గుంటూరు వచ్చి జె.ఎం.జె. సభలో చేరారు. జగద్గురువుల ప్రత్యేక అనుమతి పొంది వైద్యం చేసిన మఠకన్య ఆమె. తాను ఒక్కతే ఎంతమందిని చూడగలదు? అందుకే స్థానిక యువతులకు మందులు కలపడం, కాన్పులు చేయడం, రోగులను చూసుకోవడం నేర్పారు. 1943లో దేశంలోని కతోలిక ఆసుపత్రులన్నింటినీ ఒక సంఘంగా కలిపారు. ఆ సంఘమే నేడు సికింద్రాబాదు కేంద్రంగా పనిచేస్తున్న భారత కతోలిక ఆరోగ్య సంఘం. తాను పోయినా సేవ ఆగకూడదని సత్రాన్ని కట్టిన మనిషి ఆమె. 2013లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది.

సముద్రం అవతల మరొక మఠకన్యల సభ కథ వినండి. 1872లో జర్మనీ నుండి ఐదుగురు సిస్టర్లు అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరం చేరారు. ఆ రోజులలో ప్రబలిన మశూచి రోగులకు సేవ చేశారు. ఆ చిన్న గుంపు నుండి ఎదిగిన ఆసుపత్రుల సంస్థ పేరు ఎస్.ఎస్.ఎం. దానికి పెద్దగా ఉన్న సిస్టర్ మేరీ జీన్ రయన్ నర్సుగా పని మొదలుపెట్టినవారు. అమెరికా ప్రభుత్వం 1987లో మాల్కం బాల్డ్రిజ్ పేరున ఒక జాతీయ నాణ్యతా పురస్కారం నెలకొల్పింది. మొదట అది కార్ఖానాలకు, వ్యాపారాలకు మాత్రమే. 1999 నుండి ఆసుపత్రులకు, విద్యాసంస్థలకు కూడా దారి తెరిచారు. వెయ్యి మార్కుల పరీక్ష అది. ఈ సిస్టర్ల సంస్థ దరఖాస్తు పెట్టింది, రాలేదు. మళ్ళీ పెట్టింది, రాలేదు. మూడోసారీ రాలేదు. ప్రతిసారీ పరిశీలకులు మీ లోపాలివి అని రాసి పంపిన నివేదికను చదువుకుని, సరిచేసుకుని నాలుగోసారి వెళ్ళారు. 2002లో దేశంలోనే ఆ పురస్కారం అందుకున్న మొదటి ఆరోగ్య సంస్థ అయ్యారు. తమ సేవల ద్వారా దేవుని స్వస్థపరచే సాన్నిధ్యాన్ని కనబరచడమే వారు రాసుకున్న ఆశయం. ఆ ఒక్క వాక్యం కుదుర్చుకోవడానికి వేలమంది ఉద్యోగులను అడిగారు. దేవుని సాన్నిధ్యాన్ని మార్కులతో కొలుస్తారా అని మీరు అడగవచ్చు. కొలవరు. ఇన్ఫెక్షన్ సోకిన రోగులెందరో కొలుస్తారు. దాన్ని లెక్కపెట్టడానికి సిగ్గుపడే సంస్థ దేవుని పేరు ఎత్తకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇక బడుల సంగతికి వద్దాం. అమెరికాలో ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులన్నింటినీ ‘స్కూల్ డిస్ట్రిక్ట్’ అనే ఒక వ్యవస్థ నడుపుతుంది. మన ఏజెన్సీలో గిరిజన ఆశ్రమ పాఠశాలలను ఐ.టి.డి.ఎ. చూసుకున్నట్టు, మేత్రాసనం తరఫున విచారణ పాఠశాలలన్నింటినీ ఒక విద్యాసంఘం చూసుకున్నట్టు అనుకోండి. ఆ బాల్డ్రిజ్ పురస్కారాన్ని 2001లో అందుకున్న మొదటి విద్యాసంస్థలలో అలాస్కాలోని చుగాచ్ అనే డిస్ట్రిక్ట్ ఒకటి. దానిలో ఉన్నది 214 మంది పిల్లలే! కానీ దాని విస్తీర్ణం 22 వేల చదరపు మైళ్ళు, అంటే పాత ఉమ్మడి ఖమ్మం జిల్లాకు మూడు రెట్లకు పైగా. కొన్ని ఊళ్ళకు చిన్న విమానమో పడవో తప్ప దారి లేదు. పిల్లలలో సగం మంది అక్కడి ఆదివాసులు. టీచర్లు వచ్చినట్టే వచ్చి వెళ్ళిపోయేవారు. ఇదంతా మనకు ఎక్కడో విన్న కథలాగే లేదూ?

1994 నుండి వారు ఒక పని చేశారు. ఊరూరా తల్లిదండ్రులను, పెద్దలను కూర్చోబెట్టి మీ పిల్లలు ఏమి నేర్చుకోవాలని అడిగారు. వయసును బట్టి తరగతి మార్చడం మానేశారు. పది విభాగాలు పెట్టి, ఒక మెట్టు వచ్చిందని పిల్లవాడు చేసి చూపిస్తేనే తరువాతి మెట్టు ఎక్కించారు. ఒకడికి ఆరు నెలలు పడుతుంది, మరొకడికి రెండేళ్ళు పడుతుంది, పట్టనివ్వండి అన్నారు. 1995లో చదవడంలో జాతీయ స్థాయిలో నూటికి 28వ స్థానం దగ్గర ఉన్న వారి సగటు 1999 నాటికి 71కి చేరింది. ఊరివారి మాట బడిలోకి రావాలని మన దగ్గరా 2004లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గిరిజన భాషలలో మొదటి తరగతుల పుస్తకాలు తెచ్చింది. వాటిలో కోయ కూడా ఉంది. మొదలుపెట్టిన ఉత్సాహం చివరిదాకా ఉంటే ఎంత బాగుండేదో!

పురస్కారాల చీకటి కోణం కూడా చెప్పకపోతే ఈ పాఠం అబద్ధమవుతుంది. చాలా ఏళ్ళ క్రితం నేను ఒక బడిలో ఉపాధ్యాయునిగా పనిచేశాను. పేరు చెప్పను. ఫలితాలలో మంచి పేరున్న బడి అది. పై నుండి పరిశీలకులు వస్తున్నారని తెలిసింది. గోడలకు సున్నం వేయించాం, మరుగుదొడ్లకు తాళాలు తీశాం. ఏడవ తరగతిలో చదవడం రాని పిల్లలు నలుగురైదుగురు ఉంటే ఆ రెండు రోజులు ఇంటి దగ్గరే ఉండమన్నాం. ఆ మాట చెప్పడానికి గూడేనికి వెళ్ళింది నేనే. అందులో ఒక కోయ అబ్బాయి వాళ్ళ నాన్న నన్ను మంచం మీద కూర్చోబెట్టి, ‘సారూ, మావోడు తప్పు చేసిండా?’ అని అడిగాడు. లేదన్నాను. మరెందుకన్నాడు. ఏదో చెప్పి వచ్చాను. పరిశీలన బాగా జరిగింది, ప్రశంస వచ్చింది. ఆ అబ్బాయి మూడో రోజు రాలేదు, ఆ తరువాత కూడా రాలేదు. మళ్ళీ పిలవడానికి నేను వెళ్ళలేదు. పాపసంకీర్తనంలో చెప్పుకున్నాను గాని, ఆ తండ్రికి ఇప్పటికీ జవాబు బాకీ ఉన్నాను.

నూటికి నూరు శాతం ఫలితాలు అని బడి గేటు మీద బ్యానరు చూసినప్పుడల్లా నాకు ఆ మంచం గుర్తుకొస్తుంది. వంద మంది ఎక్కడ నుండి లెక్కలోకి వచ్చారు? పదో తరగతి పరీక్ష దగ్గరా, ఆరో తరగతిలో చేరిన నాడా? ఆసుపత్రి విషయంలోనూ ఇంతే. లోపలికి వచ్చిన తల్లుల లెక్క రికార్డులో ఉంటుంది. వాగు దాటలేక గూడెంలోనే ఆగిపోయిన తల్లి ఏ రికార్డులో ఉంటుంది? మంచి ప్రమాణాలు రాసినవారు ఈ ప్రశ్నను కొంతవరకు పట్టించుకున్నారు. పూర్తిగా పట్టుకోగలిగేది ఊళ్ళో ఉన్నవారే, అంటే మనమే.

కాబట్టి కుటుంబాలుగా మనం చేయగలిగినది కొంత ఉంది. ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఫాదర్‌గారి చేత ఫోను చేయించుకుని వరుస తప్పించి ముందుకు వెళ్ళడం మానుకుందాం. అక్కడ అభిప్రాయాల పెట్టె ఉంటే చదువు రాని పక్క మంచం వారి మాట కూడా రాసి వేద్దాం. తిట్లే కాదు, రాత్రి మేలుకుని చూసుకున్న నర్సమ్మ పేరూ రాద్దాం. పరిశీలకులు ఆ కాగితాలను నిజంగానే చదువుతారు.

బడి విషయంలో ఒక్క పని చెబుతాను. ఈసారి తల్లిదండ్రుల సమావేశానికి వెళ్ళినప్పుడు మీ పిల్లవాని తరగతి హాజరుపట్టీ, నిరుటి హాజరుపట్టీ పక్కపక్కన పెట్టి చూపించమని మర్యాదగా అడగండి. నిరుడు ఉండి ఈ ఏడు లేని పేర్లు ఎవరివో, ఏ గూడెం వారివో, ఎవరైనా వారి ఇంటికి వెళ్ళి అడిగారో లేదో టీచరుగారిని అడగండి. వెంటనే జవాబు రాకపోతే వచ్చే ఆదివారం పూజ తరువాత మళ్ళీ కలుస్తానని చెప్పి రండి. కలవండి కూడా.