పూర్వపాఠముల గణకలేఖనమున గ్రంథనామములు

పూర్వపు బస్తరు సంస్థానమందలి బారసూరున క్రీ.శ. 1060 నాటి తెలుఁగు శాసనమొకటి లభించినది. ఛిందక నాగవంశీయుఁడగు ధారావర్షుని సామంతుఁడు చంద్రాదిత్యుఁడు దేవాలయ తటాకములు నిర్మించిన విషయ మందు కలదు. ధారావర్షునకు జగదేకభూషణుఁడని బిరుదము.

ఇట్టి పాఠములను గణకయంత్రమున కెక్కించువారికి టి.ఇ.ఐ. సూత్రములు (1994లో వెలువడి, 2007లో ఐదవ రూపము దాల్చినవి) ఆధారము. అందు ‘టైటిల్’ అను గుర్తు గ్రంథనామమునకే. మనుష్యుల బిరుదమునకు ‘ఆడ్‌నేమ్’ అను వేఱొక గుర్తు గలదు. ఆంగ్లమున టైటిలనఁగా రెండర్థములు నుండుటచే, జగదేకభూషణ శబ్దమునకు మొదటి గుర్తు తగిలించు ప్రమాదము లేకపోలేదు. అట్లయినచో 1060 నాటి దని చెప్పఁబడు లేని గ్రంథమొకటి సూచికలో పుట్టును. నన్నయ కాలపు వాఙ్మయము మనకు దక్కినదే అత్యల్పము. అందొక మిథ్యాగ్రంథము చేరుట చిన్న దోషము కాదు. పేరు ఆభరణవాచకమైనంతమాత్రమున బిరుదమనియు నిర్ణయింపరాదు. సరస్వతీకంఠాభరణము గ్రంథమే. పైఁగా భోజుఁ డా పేరుతో వ్యాకరణమొకటి, అలంకారశాస్త్రమొకటి రచించెను గనుక, ఏది యను సంకేతమునుగూడ నీయవలెను.

సంధి మఱింత చిక్కు. ‘వసుచరిత్రాదులు’ అన్నచోట గ్రంథనామ మెచ్చట ముగియును? రెండచ్చులు సవర్ణదీర్ఘమున నొక్కటైనవి. దీర్ఘమునకు ముందు గుర్తు మూసినచో యూనికోడున ఆ గుణింతచిహ్నము హల్లునుండి విడివడి నిరాధారమగును; తరువాత మూసినచో ‘వసుచరిత్రా’ అను లేని పేరేర్పడును. పదమంతటిని గుర్తులో నుంచి, శుద్ధనామమును ‘కీ’ అను లక్షణమున వ్రాయుటయే నాకు సమంజసముగఁ దోఁచుచున్నది. కొందఱు పదచ్ఛేదము చేసి యెక్కింతురు. మూలమును యథాతథముగ నిలుపుట ఉద్దేశమైనచోట అది తగదు.