పేరు తెలిశాకే చెయ్యి పెట్టు

విశాఖపట్నం

చిరంజీవి శ్రావణికి,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటోలు పెద్దవి చేసి చూశాను. సికింద్రాబాద్ మారేడుపల్లిలో మీ హాల్లో ఉన్న ఆ ఉప్పునీటి ట్యాంకులో పెరుగుతున్నది ఒక నాచు కాదమ్మా, మూడు. మూడింటికీ పనిచేసే మందు ఒక్కటి చెప్పమన్నావు. అలాంటి మందు లేదు. ఉందని ఎవరు సీసా చూపించినా కొనకు.

ఇక్కడ సముద్రం వెనక్కి తగ్గినప్పుడు విద్యార్థుల్ని రాళ్ళ మీదికి తీసుకెళ్ళి నేను మొదట చెప్పే మాట ఒకటుంది. నాచుని తెంపే ముందు అది దేన్ని పట్టుకుని ఉందో, ఎలా పిల్లలు పెడుతుందో చూడండి అని. నువ్వూ అదే చెయ్యి. చిటికెడు తీసి తెల్ల పళ్ళెంలో ఉప్పునీళ్ళు పోసి అందులో వేసి, భూతద్దంతో చూడు.

రాయి మధ్యలో పచ్చగా కుచ్చులా ఉన్నదాన్ని చూడు. నడిమి కాడకి రెండు పక్కలా సన్నటి కొమ్మలు వరుసగా ఈకలా ఉంటే అది బ్రయోప్సిస్. కొమ్మలేమీ లేకుండా ఉత్త దారపు పోగులైతే డెర్బీసియా కావచ్చు. నీ ఫొటోలో నాకు ఈకే కనిపిస్తోంది. దీన్ని పీకితే పైభాగం వస్తుంది, మొదలు రాతి రంధ్రాల్లో ఉండిపోయి మళ్ళీ చిగురిస్తుంది. నత్తలు కూడా ముదిరిన బ్రయోప్సిస్‌ని పెద్దగా ముట్టవు.

పంపు పక్కన గాజుపూసల్లా మెరుస్తున్నవి వలోనియా, అదే బుడగ నాచు. ఒక్కో బుడగ ఒక్కటే కణం! ముదిరిన బుడగలో పిల్ల బుడగలు తయారవుతాయి. ట్యాంకులోనే గోటితో చిట్లగొడితే అవి నీళ్ళలో కలిసి ఎక్కడెక్కడో దిగుతాయి. అందుకని ఆ రాయిని బయటికి తీసి, ట్యాంకు నీళ్ళే పోసిన బకెట్లో పెట్టి, బుడగ చిట్లకుండా మొదలు దగ్గర పలచటి స్క్రూడ్రైవర్‌తో లేపు. తర్వాత రాయిని వేరే ఉప్పునీళ్ళలో జాడించి లోపల పెట్టు. ఆ బకెట్ నీళ్ళు మాత్రం మళ్ళీ ట్యాంకులో పోయకు.

మూడోది కాలెర్పా. ఇసుక మీద తీగలా పాకుతూ, కింద వేళ్ళలాంటివి దింపుతూ, పైకి ఆకులు లేపుతోందే, అది. మా రాళ్ళ మీద దాని చుట్టాలు బోలెడు. చూడటానికి అందంగా ఉందని వదిలెయ్యకు. ఆ తీగంతా కూడా ఒకే కణం, చిన్న ముక్క మిగిలినా మళ్ళీ మొదలవుతుంది. ఒక్కోసారి రాత్రికి రాత్రే తన లోపలిదంతా నీళ్ళలోకి వదిలేసి తెల్లబడి చచ్చిపోతుంది. పొద్దున్నకి ట్యాంకు పాలలా అవుతుంది, ఆక్సిజన్ పడిపోతుంది, చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. వారం వారం గుప్పెడు గుప్పెడు తీసేస్తే ఆ గండం చాలావరకు తప్పుతుంది.

ఇక అసలు సంగతి. ఫాస్ఫేట్ టెస్టులో సున్నా వచ్చిందని, కాబట్టి నాచుకి తిండి లేదని రాశావు. నాచు దండిగా ఉన్న ట్యాంకులో సున్నా రావడం మామూలే. వచ్చిన ఫాస్ఫేట్‌ని వచ్చినట్టే అది తినేస్తుంది, కిట్‌కి మిగలదు. మరి వస్తున్నది ఎక్కణ్ణుంచి? ఆవిరైనదానికి బదులు నువ్వు రోజూ పోసే నీళ్ళ మీద నాకు అనుమానం. సికింద్రాబాద్ మే నెలలో నలభై డిగ్రీలు దాటుతుంది. ఫ్యాను పెట్టిన 300 లీటర్ల ట్యాంకులో రోజుకి అయిదు లీటర్లు ఆవిరైనా రెండు నెలల్లో ట్యాంకెడు నీళ్ళు పోసినట్టు. ఆవిరయ్యేది నీరొక్కటే. కుళాయి నీళ్ళైనా, బోరు నీళ్ళైనా, వాటిలోని నైట్రేటు, ఫాస్ఫేటు, సిలికేటు అన్నీ అక్కడే పోగుపడతాయి.

వంటింటి ఆర్వో నీళ్ళేగా పోస్తున్నానంటావు. చాలా ఇళ్ళ ఆర్వోల్లో రుచి కోసం కొంచెం మామూలు నీళ్ళు కలిపే ఏర్పాటు ఉంటుంది. నీళ్ళలో కరిగి ఉన్నదెంతో చూపే టీడీఎస్ మీటర్ పెట్టి చూడు. ఆర్వో తర్వాత, మిగిలిన లవణాల్ని పట్టేసే డీఐ రెజిన్ గొట్టం కూడా ఉన్న యూనిట్ కొని, రీడింగ్ సున్నా వచ్చిన నీళ్ళే వాడు. డబ్బు పెట్టాల్సింది ముందు దీని మీద. ఫ్రోజెన్ మేత కరిగిన నీళ్ళు కూడా ట్యాంకులో వంపకు, వడగట్టి మేత మాత్రం వెయ్యి. ఫాస్ఫేట్‌ని పూర్తిగా పీల్చేసే పొడులు ఒకేసారి ఎక్కువ పోస్తే ఇంకో రకం గోధుమ జిగురు పుడుతుంది, తొందరపడకు.

ఇంత చేసినా రెండు మూడు నెలలకి బ్రయోప్సిస్ తగ్గకపోతే ఫ్లూకొనజోల్ సంగతి చూద్దాం. ట్యాంకుల వాళ్ళు వాడే మోతాదు లీటరుకి సుమారు 5 మిల్లీగ్రాములు. రాళ్ళూ ఇసుకా పోగా నీ దాంట్లో నీళ్ళు 250 లీటర్లనుకుంటే, 150 మిల్లీగ్రాముల మాత్రలు ఎనిమిది. ఫిల్టర్‌లోని కార్బన్ తీసేసి రెండు వారాలు ఆగాలి. చచ్చిన నాచు కుళ్ళి తిరిగి ఎరువవుతుంది కాబట్టి నీళ్ళు మార్చాలి. బుడగ నాచు మీద మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. మనుషుల ఫంగస్‌కి వాడే మందు కాలువల్లోకి వదలడం నాకు మనసొప్పదు, అందుకే చివర పెట్టాను.

తీసిన నాచు ఎండలో పూర్తిగా ఎండాకే చెత్తలో వెయ్యి. సెలవులకి ఇక్కడికొచ్చేటప్పుడు ట్యాంకులోది ఏదీ తెచ్చి రుషికొండ దగ్గర సముద్రంలో కలపొద్దు. 1984లో మొనాకో ఓషనోగ్రాఫిక్ మ్యూజియం ఎదుట సముద్రంలో చదరపు మీటరంత కాలెర్పా కనిపించింది. తర్వాత అది మధ్యధరా సముద్రంలో వేల హెక్టార్లు కమ్మేసింది. మన దగ్గర మన్నారు సింధుశాఖలో సాగు కోసం తెచ్చిన కప్పాఫైకస్ అనే నాచు కురుసడై దీవి దగ్గర పగడాలెక్కి కూర్చుందని 2008లో శాస్త్రవేత్తలు రాశారు.

కొత్త రాళ్ళు కొనాలనుకుంటే ఎండినవే కొను. పగడాలకి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, సముద్రంలోంచి పెకలించిన పగడపు రాయి కొనడం నేరం. పైగా నీ బుడగ నాచు ఇంట్లోకి వచ్చింది ఇలాంటి తడి రాయి మీదే అయ్యుంటుంది. ఆ కుచ్చుని భూతద్దం కింద తీసిన ఫొటో ఆదివారం లోపు పంపు. ఈకో, దారమో తేలాక మిగతాది రాస్తాను.

మీ అమ్మకి నా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
మామయ్య