అడవి, కాగితం, మన బాధ్యత

తెలుగులోని "కాగితం" అన్న మాటకు మూలం పారసీలోని "కాగజ్". ఉర్దూ చదివే విద్యార్థి, తెలుగు చదివే విద్యార్థి ఈ వస్తువును ఒకే మూలం గల మాటతో పిలుస్తున్నారు. ఆ మాటతోనే మన ప్రాంతంలో ఒక ఊరు వెలసినది. అదే పూర్వపు కొత్తపేట, నేటి కాగజ్‌నగర్. 1938లో నిజాం ప్రభుత్వ కాలంలో స్థాపింపబడి, 1942లో ఉత్పత్తి ప్రారంభించిన సిర్పూరు కాగితపు మిల్లు ఆ ఊరికి పేరునూ, బ్రతుకుతెరువునూ ఇచ్చినది. 2014లో ఆ మిల్లు మూతపడినది. 2018లో తిరిగి తెరువబడినది. ఆ నాలుగు సంవత్సరాలు అక్కడి కార్మిక కుటుంబాలకు ఎంత దుర్భరమైనవో ఊహింపవచ్చు. కనుక అడవి పరిశ్రమ అన్నది కేవలం చెట్ల సమస్య కాదు, మనుష్యుల సమస్య కూడా.

నేడు ఆర్థిక శాస్త్రజ్ఞులు "చక్రీయ ఆర్థిక వ్యవస్థ" అన్న మాటను తరచుగా వాడుతున్నారు. భూమి నుండి తీసిన వస్తువును ఒకసారి వాడి పారవేయక, మరల మరల వినియోగంలోనికి తెచ్చుటయే దీని సారాంశం. బొగ్గు, పెట్రోలియం వంటివి తరిగిపోయేవి. చెట్టు మాత్రం నరికిన చోట తిరిగి ఎదుగగలదు. అందువలన ఈ వ్యవస్థలో అడవి పరిశ్రమకు ప్రముఖ స్థానం లభించినది. ఆ స్థానానికి అది ఎంతవరకు అర్హమైనదో పరిశీలించుటయే మా ఉద్దేశం.

మిల్లులోని చక్రం

కలపలో ముఖ్యంగా రెండు పదార్థాలుంటాయి. ఒకటి కాగితానికి పనికివచ్చే సెల్యులోజ్ నార. రెండవది ఆ నారలను జిగురువలె పట్టి ఉంచే లిగ్నిన్. ఈ రెంటినీ విడదీసే విధానాలలో నేడు అధికంగా వాడుకలో ఉన్నదానిని 1879లో కార్ల్ డాల్ అనే జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు కనుగొన్నాడు. ఇట్లా తయారైన గుజ్జు గట్టిగా ఉండుట వలన, జర్మన్ భాషలో "బలం" అని అర్థమిచ్చే "క్రాఫ్ట్" అన్న పేరు దానికి స్థిరపడినది.

కలప ముక్కలను కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ ద్రావణంలో ఒత్తిడిపై ఉడికిస్తారు. కలప బరువులో సుమారు సగం మాత్రమే గుజ్జుగా లభిస్తుంది. మిగిలిన సగం నల్లని ద్రవంగా మారుతుంది. దానిని ఏటిలోనికి వదలితే నీరు విషమవుతుంది; చిక్కబరచి బాయిలరులో మండిస్తే ఇంధనమవుతుంది. ఆ వేడితో ఆవిరి, ఆవిరితో విద్యుత్తు ఉత్పత్తి అవుతాయి. బాయిలరు అడుగున మిగిలిన సోడియం లవణాలను నీటిలో కరిగించి సున్నం కలిపితే కాస్టిక్ సోడా తిరిగి లభిస్తుంది. వాడిన సున్నం కూడా బట్టీలో కాలి మరల సున్నమవుతుంది. ఇట్టి బాయిలర్లు 1930వ దశకంలో రూపొందిన తరువాతనే క్రాఫ్ట్ విధానం ప్రపంచమంతటా వ్యాపించినది. వ్యర్థమనుకొన్నది ధనమైనది.

ఫిన్లాండు దేశంలోని ఆనెకోస్కి పట్టణంలో 2017లో ప్రారంభమైన గుజ్జు కర్మాగారం ఇందుకు చక్కని ఉదాహరణ. అది బొగ్గు, పెట్రోలియం వాడకయే నడుస్తూ, తన అవసరానికి రెండు రెట్లకు పైగా విద్యుత్తును ఉత్పత్తి చేయగలదు.

చక్రం తెగే చోటు

అయితే మిల్లు గోడల లోపల చక్రం ఎంత చక్కగా తిరిగినా, గోడల బయట తెగిపోతే ప్రయోజనం లేదు. మన దేశంలో కాగితపు మిల్లులు చాలా కాలం అడవులలోని వెదురుపై ఆధారపడినవి. ప్రభుత్వాలు వెదురును మిల్లులకు చౌకగా ఇచ్చినవి. బుట్టలు, చాపలు అల్లుకొని జీవించే మేదరి మాత్రం అంతకంటె ఎంతో హెచ్చు ధర పెట్టి అదే వెదురును కొనవలసి వచ్చినది. చౌకగా దొరికిన దానిని పెంచవలెనన్న ఆలోచన ఎవరికి కలుగుతుంది? వెదురు తరిగినది, మిల్లులు దూర ప్రాంతాలకు, ఇతర కలపకు చేయి చాచినవి.

ఈ లోపాన్ని 1988 నాటి జాతీయ అటవీ విధానం గుర్తించినది. పరిశ్రమలకు రాయితీ ధరలపై అటవీ ఉత్పత్తుల సరఫరా నిలిచిపోవలెననీ, పరిశ్రమలు తమ ముడిసరుకును పెంపకందారులతో నేరుగా సంబంధం కలుపుకొని సమకూర్చుకొనవలెననీ అది నిర్దేశించినది. తదనంతరం మన తెలుగు జిల్లాల పొలాలలో జామాయిల్, సుబాబుల్, సరుగుడు తోటలు విస్తరించినవి. అడవిపై ఒత్తిడి తగ్గుటకు ఇది మంచి మార్గమే. కాని వరి వేసిన రైతు కొన్ని నెలలకే పంటను చూస్తాడు; సుబాబుల్ వేసిన రైతు మూడు, నాలుగు సంవత్సరాలు వేచి ఉండవలెను. కోత సమయానికి ధర పడిపోతే అతడు మరల మొక్క నాటడు. కనుక రైతుకు దక్కే న్యాయమైన ధర కూడా ఈ చక్రంలో ఒక ఆకు. అది విరిగితే చక్రమే ఆగిపోతుంది.

మరొక హెచ్చరిక కూడా అవసరం. ఒకే జాతి చెట్ల తోట అడవి కాదు. పక్షికి, మృగానికి, గిరిజనునికి అడవి ఇచ్చేది తోట ఇవ్వజాలదు. ఫిన్లాండులో సైతం ఇటీవలి సంవత్సరాలలో నరుకుడు హెచ్చి, చెట్ల ఎదుగుదల మందగించి, అడవులు పీల్చుకొనే బొగ్గుపులుసు వాయువు బాగా తగ్గినది. చెట్టును నరుకుటకు ఒక్క గడియ చాలు; అది గాలిలోనికి చేరిన వాయువును తిరిగి గ్రహించుటకు దశాబ్దాలు పట్టవచ్చు. తిరిగి ఎదిగే వేగాన్ని మించి నరికినచో, చెట్టు కూడా బొగ్గువలె తరిగిపోయే వస్తువే.

విద్యార్థుల పాత్ర

చక్రంలోని చివరి భాగం మన చేతులలో ఉన్నది. కాగితపు నారను సుమారు ఐదు నుండి ఏడు సార్లు తిరిగి వాడవచ్చు. ప్రతిసారి అది పొట్టిదై, బలం తగ్గి, చివరకు పనికిరాకుండా పోతుంది. కనుక కొత్త నార కొంత ఎల్లప్పుడూ అవసరమే. పాతది వృథా కాకుండుట అంతకంటె అవసరం. నేడు మన దేశంలో తయారయ్యే కాగితంలో ఎక్కువ భాగం పాత కాగితం నుండి వచ్చినదే. ఆ ఘనత గడపగడపకు తిరిగి పాత పుస్తకాలు, పత్రికలు కొనే పేద వ్యాపారులదే. వారిని మనం చిన్నచూపు చూడరాదు.

కళాశాల కార్యవర్గానికి మా విన్నపం ఒక్కటే. తడి చెత్తతో కలిసిన కాగితం నార పనికిరాదు. కనుక ప్రతి తరగతి గదిలో కాగితానికి వేరుగా ఒక పెట్టె ఏర్పాటు చేయవలెను. విద్యార్థులకు మా మనవి: పుటకు రెండు వైపులా వ్రాయండి, చదివిన పుస్తకాన్ని తరువాతి తరగతి వారికి ఇవ్వండి. అడవి మనకు కాగితాన్ని అప్పుగా ఇచ్చినది. ఆ అప్పును మిల్లు, ప్రభుత్వం, రైతు, పాఠకుడు కలిసి తీర్చినప్పుడే ఈ చక్రం నిజంగా చక్రమవుతుంది.