కుక్కపిల్ల ఇతర కుక్కల మలమును తినుట – మాన్పించు విధము

మందకాపునకో, కళ్లము కావలికో కుక్కపిల్లను తెచ్చి పెంచు రైతులు తరచుగా చెప్పు మాట ఒకటి కలదు. "కడుపునిండ అన్నము పెట్టినను వీధిలోనికి పోయి ఇతర కుక్కల మలమును తినుచున్నది, కొట్టినను మానుట లేదు" అందురు. చూచుటకు రోతగా నుండుటచే పశువైద్యుని అడుగుటకును కొందరు సిగ్గుపడుదురు. సిగ్గుపడవలసినది ఇందులో ఏమియు లేదు. అట్లని ఇంట పసిబిడ్డలును, దొడ్డిలో గొర్రెలును ఉన్నవారు దీనిని కుక్కబుద్ధి అని విడిచిపెట్టుటయు తగదు.

ఈ అలవాటు ఎట్లు వచ్చునో మొదట తెలిసికొనవలెను. పిల్లలు పుట్టిన తరువాత సుమారు మూడు వారముల వరకు తల్లి కుక్కయే వాటి మలమును నాకి శుభ్రపరచును. పడుకొనుచోటు మలినము కాకుండ చూచుకొనుట కుక్కజాతికి స్వభావము. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము, డేవిస్ నందు ఆచార్య బెంజమిన్ హార్ట్ మొదలగువారు కుక్కలను పెంచువారిని వేలకొలది మందిని ప్రశ్నించి 2018లో ఒక పరిశీలన ప్రకటించిరి. అందు నూటికి 16 కుక్కలు తరచుగా మలము తినుచున్నట్లును, అట్టివి ఎక్కువగా రెండు దినములు దాటని తాజా మలమునే తినుచున్నట్లును తేలినది. పురుగుల పిల్లలు బయలుదేరక పూర్వమే నివాసమును శుభ్రము చేయు పూర్వకాలపు అలవాటు ఇది కావచ్చునని వారి ఊహ. ఇది గాక ఆకలి, కడుపులో పురుగులు, దినమంతయు గుంజకు కట్టివేయబడి తోచకుండుట కూడ పిల్లను ఇటు త్రిప్పును. ఉదయము గంజి, రాత్రి మిగిలిన మజ్జిగ అన్నము తప్ప వేరు ఎరుగని పిల్లలు మన పల్లెలలో తక్కువ కాదు.

ఇక హాని ఎట్టిదో చూతము. ఇచ్చట ఒక విషయము బాగుగా గుర్తుంచుకొనదగియున్నది. ఏలికపాము గ్రుడ్లు మలముతో బయటపడిన వెంటనే అంటుకొనవు. అవి నేలలో సుమారు రెండు మొదలు నాలుగు వారములుండి పక్వమైన పిదపనే హాని చేయును. కొంకి పురుగులకు అంత కాలము పట్టదు; తడి, వెచ్చదనము ఉన్న నేలలో వారము దినములలోపుననే గ్రుడ్లు పగిలి పిల్లలు సిద్ధమగును. అవి నోటి ద్వారమునే గాక చర్మము గుండ కూడ లోన ప్రవేశించును. కొంకి పురుగులు రక్తము పీల్చుటచే చిన్న పిల్లల చిగుళ్లు తెల్లబడి, నీరసించి చనిపోవుట కలదు. కావున మలమును ప్రతిదినము ఎత్తివేసినచో ఈ రెండు పురుగుల దారియు చాలవరకు మూసివేసినట్లే. పార్వో అను వైరస్ రోగము మాత్రము అట్లు కాదు. 1978లో మొదట గుర్తింపబడిన ఈ రోగము గల కుక్క మలము తాజాగా నున్నప్పుడే అంటుకొనును. ఆ క్రిములు నేలలో నెలల తరబడి బ్రతికియుండును. టీకా వేయని పిల్లకు దీనిని మించిన శత్రువు లేదు.

గొర్రెలను పెంచువారు అడుగు ప్రశ్న మరియొకటి కలదు: "గొర్రె ఒకే ప్రక్కకు గిర్రున తిరిగి పడిపోవు జబ్బు కుక్కవలన వచ్చునందురు, మలము తినుటచేతనే కుక్కకు అది పట్టునా?" పట్టదు. ఆ జబ్బును కలిగించు బద్దె పురుగు, గొర్రె మెదడులోని నీటితిత్తిని కుక్క తిన్నప్పుడే దాని కడుపులో పెరుగును. కాలేయము, ఊపిరితిత్తులలో నీటితిత్తులు పుట్టించు చిన్న బద్దె పురుగు సంగతియు ఇట్టిదే. కాని వాటి గ్రుడ్లు కుక్క మలములో బయటపడినప్పుడే పక్వమై యుండును. పిల్ల ఆ మలములో మూతి పెట్టి వచ్చి పసిబిడ్డ చేతిని నాకినచో గ్రుడ్లు బిడ్డ నోటికి చేరును. గడ్డి మీద పడినచో గొర్రెకు చేరును. కుక్కకు పైకి ఏ జబ్బును కనబడకున్నను నష్టపడునది ఇంటివారును, మందయును. కావున చచ్చిన గొర్రె తల, తిత్తులు గల కాలేయము కుక్కలకు పారవేయరాదు. లోతుగా పూడ్చవలెను, లేదా అరగంట సేపు బాగుగా ఉడికించి పెట్టవలెను.

మాన్పించుటకు జనులు చేయు ఉపాయములు అనేకములు. కొందరు మలముపై కారము చల్లుదురు. పిల్ల కారము లేని దానిని వెదకికొనును, అంతే. కిరసనాయిలు చల్లుట విషము పెట్టుటతో సమానము. ముక్కును మలములో రుద్దుట క్రూరము, వ్యర్థము కూడ. కొట్టి తరిమినచో పిల్ల దొంగచాటున, మరింత తొందరగా మ్రింగుట నేర్చుకొనును. పైన చెప్పిన పరిశీలనలో బజారులో అమ్ము మాత్రలు, పొడుల వలన బాగుపడినవి నూటికి రెండుకు మించలేదు. రైతు వాటికి డబ్బు వెచ్చించుట నాకు సమ్మతము కాదు.

ఫలమిచ్చు పని పార మీద ఉన్నది. పిల్ల తిరుగు వాకిలి, దొడ్డి, కళ్లము చుట్టును ఉదయము, సాయంకాలము చూచి, కనబడిన కుక్క మలమునంతయు పారతో ఎత్తి, బావికి దూరముగా ఒక అడుగు లోతున పూడ్చవలెను. పేడకుప్పలో వేయరాదు, ఆ ఎరువు ఆకుకూర మడికి పోవును. సొంత పిల్ల మలవిసర్జన చేసినప్పుడును ఇట్లే. తిన్న కొద్ది నిమిషములకే పిల్ల బయటకు పోవును గనుక ఆ వేళ దానిని ఒకే చోటికి తీసికొనిపోయి, పని కాగానే పేరు పెట్టి పిలిచి, చిన్న తినుబండారమిచ్చి, అది నమలుచుండగా మలమును ఎత్తివేయవలెను. కొన్నాళ్లకు పిల్ల అటు తిరుగుటకు మారుగా మీవైపే పరుగెత్తి వచ్చును.

వీధి అంతయు మనము శుభ్రము చేయలేము. అందులకు "వద్దు" అను మాట నేర్పవలెను. మొదట ఇంటిలోనే నేర్పుట మంచిది. పిడికిట రొట్టెముక్క పట్టి పిల్ల ముందుంచవలెను. నాకి, గోకి విసిగి అది మూతి వెనుకకు తీసికొనగానే "వద్దు" అని, రెండవ చేతినుండి అంతకంటె రుచియైన ముక్క ఇవ్వవలెను. దినమునకు అయిదు నిమిషములు చాలును. మాట పట్టుబడిన తరువాత ఆరడుగుల త్రాటితో వీధిలోనికి తీసికొనిపోయి, మలము వాసన పట్టి అటు మరలక ముందే ఆ మాట చెప్పవలెను. నోటిలో పెట్టుకొన్న తరువాత అరచి లాభము లేదు. వెంటబడినచో అది ఆట అనుకొనును. ఇంటిల్లిపాదియు ఒకే మాట వాడవలెను. అమ్మమ్మ "ఛీ" అని, అబ్బాయి "వదులు" అని అన్నచో పిల్లకు ఏదియు పట్టుబడదు. మాట పట్టుబడువరకు, నూర్పిడిలో ఎద్దులకు కట్టు చిక్కము వలె, దగలు తీయుటకును నీరు త్రాగుటకును వీలైన బుట్టమూతి కట్టవచ్చును. గుడ్డతో మూతి బిగించుట మాత్రము కూడదు, ఎండలో ప్రాణాపాయము.

ఆరు నెలల వరకు పిల్లకు దినమునకు మూడు పూటలైనను తిండి పెట్టవలెను. సంగటిలో ఉడికించిన గ్రుడ్డో, పప్పో, చేపయో కలుపుట అవసరము. పురుగుల మందు పుట్టిన రెండవ వారమున ప్రారంభించి ఎనిమిదవ వారము వరకు రెండేసి వారములకును, పిదప ఆరు నెలల వరకు నెలకొకసారియు ఇవ్వవలెను. తల్లికి కూడ ఇవ్వనిచో ఆమె పాల ద్వారా పురుగులు మరల వచ్చును. ఏలికపాములకు ఇచ్చు పైరాంటెల్ మందు బద్దె పురుగులను చంపదు. మందవెంట తిరుగు కుక్కకు ప్రాజిక్వాంటెల్ వేరుగా, ఆరు వారములకు ఒకసారి కావలసియుండును. నేను వ్యవసాయ శాఖవాడను. తూకమును బట్టి మోతాదు నిర్ణయించుట పశువైద్యుని పని. పార్వో టీకా ఆరు మొదలు ఎనిమిది వారముల వయస్సున మొదలుపెట్టి, పదునారు వారములు నిండువరకు మూడు నాలుగు వారములకొకసారి వేయింపవలెను. మూడవ నెలలో వెర్రికుక్క రోగపు టీకా మరువరాదు.

గ్రామాధికారులకు ఒక మనవి. మాంసపు దుకాణము వెనుక పారవేయు వ్యర్థములు ఊరికుక్కలన్నిటిని ఒకచోట చేర్చును. అచ్చటనే వాటి మలమును పేరుకొనును. మూతగల గుంట త్రవ్వించి వ్యర్థములను అందు వేయించుటకు పంచాయతీ పూనుకొన్నచో ఒక్కొక్క రైతు ఇంటివద్ద పడు శ్రమ సగమగును.

ఎంత తిన్నను చిక్కిపోవుచు, జిడ్డుగా పాలిపోయిన మలము వేయు కుక్కను, పెద్దదైన తరువాత హఠాత్తుగా ఈ అలవాటు పట్టిన కుక్కను పశువైద్యశాలకు చూపవలెను. వాంతులతో రక్తవిరేచనములు పట్టిన పిల్లను మాత్రము మరునాటి వరకు ఉంచక ఆ పూటనే తీసికొనిపోవలెను.