ఆస్కార్ చేప తల మీద గుంటలు: ముందు నీళ్లు, ఆ తర్వాతే మందు

(పెరటి అలంకార చేపల యూనిట్ లబ్ధిదారులకు అవగాహన పాఠం)

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద మత్స్యశాఖ ద్వారా పెరట్లో అలంకార చేపల యూనిట్ పెట్టుకున్న లబ్ధిదారుల కోసం ఈ పాఠం. పథకంలో పెరటి యూనిట్ ఖర్చు 3 లక్షల రూపాయలుగా లెక్క కట్టారు. అందులో మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం, మిగతావారికి 40 శాతం సబ్సిడీ. అంటే మహిళా లబ్ధిదారు అయినా 1 లక్షా 20 వేలు తన వాటాగానో, బ్యాంకు అప్పుగానో పెట్టుకోవాల్సిందే. ఆ డబ్బు తిరిగి రావాలంటే తల్లి చేపలు బతకాలి. ఆస్కార్ జత గుడ్లకు రావడానికి ఏడాది పైనే పడుతుంది. ఒకసారి పెడితే వెయ్యికి పైగా గుడ్లు పెడుతుంది. అలాంటి జత పోతే పోయేది రెండు చేపలు కాదు, ఏడాది మేత, ఏడాది కష్టం.

ఆస్కార్, ఫ్లవర్‌హార్న్, డిస్కస్ లాంటి చేపలకు తరచుగా వచ్చే జబ్బు తల మీద గుంటలు పడటం. షాపుల్లో దీన్ని "హోల్ ఇన్ ది హెడ్" అంటారు. ఇది ఒక్కరోజులో చంపే జబ్బు కాదు. అందుకే చాలామంది "అదే మానుతుందిలే" అని వదిలేస్తారు, అక్కడే నష్టపోతారు.

ఎలా గుర్తుపట్టాలి?

కళ్ల చుట్టూ, ముక్కు పైన, నుదుటి మీద గుండుసూది మొన అంత గుంటలతో మొదలవుతుంది. అవి నెమ్మదిగా పెద్దవై ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. కొన్నిసార్లు లోపల తెల్లటి పదార్థం కనిపిస్తుంది. పక్కన ఒంటి మీద తల నుంచి తోక దాకా పోయే గీత వెంబడి కూడా చర్మం అరిగిపోవచ్చు.

తల కంటే ముందు మలం చూడండి. తెల్లగా, జిగటగా, దారంలా వేలాడుతుంటే పేగుల్లో కంటికి కనిపించని పరాన్నజీవి ఉందని అనుమానించాలి. దాన్ని హెక్సామిటా అంటారు. చేప రంగు నల్లబడుతుంది, మేత నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తుంది, పొట్ట లోపలికి పోతుంది.

ఒక మాట గుర్తుంచుకోండి. ఆస్కార్ తల మీద పుట్టుకతోనే చిన్న చిన్న రంధ్రాలు వరుసగా ఉంటాయి. రెండు పక్కలా ఒకేలా ఉండి, పెరగకుండా ఉంటే అవి జబ్బు కాదు. అనుమానం ఉంటే ఇవాళ ఫోన్లో ఫోటో తీసుకోండి, వారం తర్వాత మళ్లీ తీసి పక్కపక్కన పెట్టి చూడండి. చర్మం మీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు కనిపిస్తే అది వేరే జబ్బు, దాని మందు వేరు.

ఎందుకు వస్తుంది?

ఒక్క కారణం చెప్పలేం. నీళ్లలో నైట్రేట్ పేరుకోవడం, ఒకే రకం మేత, తొట్టిలో కిక్కిరిసి ఉండటం, ఈ మూడూ చేపను బలహీనం చేస్తాయి. పేగుల్లో తక్కువ సంఖ్యలో ఉన్న హెక్సామిటా అప్పుడు విజృంభిస్తుంది. నీళ్లు మార్చకుండా మందు వేస్తే పది రోజులు బాగున్నట్టు కనిపించి గుంటలు మళ్లీ తిరగబెడతాయి.

మేత సంగతి. ఆస్కార్ ఆబగా తింటుందని కొందరు రోజూ కోడి గుండెకాయ, కార్జం మాత్రమే వేస్తారు. మురుగు కాలవలో దొరికే ట్యూబిఫెక్స్ పురుగులు కూడా. మొదటిదాంట్లో విటమిన్లు, కాల్షియం చాలవు. రెండోది రోగాన్ని ఇంటికి తెచ్చుకోవడమే. విటమిన్ సి ఉన్న మంచి పెల్లెట్ మేత ప్రధానంగా ఉండాలి. ఆ పెల్లెట్ కూడా ఏడాది కిందటి మూట తెరిచి వాడితే లాభం లేదు, విటమిన్ సి నిల్వలో పోతుంది.

మొదటి పని నీళ్లు

అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి. నైట్రేట్ 20 పీపీఎం లోపు ఉంటే మంచిది, 40 దాటనివ్వకండి. టెస్ట్ కిట్ అలంకార చేపల షాపుల్లో దొరుకుతుంది. మొదట తొట్టి నీళ్లు కాదు, మీ బోరు నీళ్లు పరీక్షించండి. మన రాష్ట్రంలో చాలాచోట్ల భూగర్భ జలంలోనే నైట్రేట్ ఎక్కువ. లెక్క చూడండి. తొట్టిలో 80 ఉంది, బోరులో సున్నా ఉంది అనుకుందాం. నాలుగో వంతు నీళ్లు మారిస్తే 60కి వస్తుంది, మళ్లీ మారిస్తే 45. అదే బోరులోనే 40 ఉంటే ఎన్నిసార్లు మార్చినా 40 కిందికి దిగదు. అప్పుడు వాననీళ్లో, శుద్ధి చేసిన నీళ్లో కలుపుకోవాల్సిందే.

ఒకేసారి మొత్తం తీసేయకండి. రోజు మార్చి రోజు 25 నుంచి 30 శాతం చొప్పున మార్చండి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోగొట్టాకే పోయాలి. బోరు నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, గాలి పంపు పెట్టి కాసేపు ఆడనిచ్చాక పోయండి. అడుగున పేరుకున్న మలం, మిగిలిన మేత పైపుతో లాగేయండి. పెద్ద ఆస్కార్ ఒక్కదానికి 250 నుంచి 300 లీటర్ల నీళ్లు ఉండాలి. జబ్బు ఉన్న చేప వాడిన వల, బకెట్ వేరే తొట్టిలో ముంచకండి. కడిగి ఎండలో పూర్తిగా ఆరబెట్టండి.

గుంటలు అప్పుడే మొదలై, మేత బాగా తింటూ, మలం మామూలుగా ఉంటే చాలాసార్లు నీళ్లూ మేతా సరిచేస్తేనే ఆగిపోతుంది. రెండు వారాలు చూడండి.

మందు ఎప్పుడు, ఎంత?

మలం తెల్లగా ఉంటే, మేత తగ్గితే మందు కావాలి. వీలైతే అప్పుడే వేసిన మలాన్ని సూక్ష్మదర్శినిలో చూపించండి. మీ గ్రామ మత్స్య సహాయకుణ్ణి గానీ, కృషి విజ్ఞాన కేంద్రాన్ని గానీ అడిగితే ఎక్కడ చూస్తారో చెబుతారు. మందు పేరు మెట్రోనిడజోల్. మనుషులకు విరేచనాలకు ఇచ్చేదే. డాక్టరు చీటీ మీదే అమ్మాలి కాబట్టి పశువైద్యుడి సలహాతోనే తెచ్చుకోండి.

మేతలో కలిపి ఇవ్వడమే మంచి పద్ధతి. కిలో చేప బరువుకు రోజుకు 50 మిల్లీగ్రాములు, వరుసగా 5 రోజులు. అరకిలో చేపలు ఎనిమిది ఉంటే మొత్తం 4 కిలోలు, రోజుకు 200 మిల్లీగ్రాములు, అంటే 200 మాత్ర ఒక్కటి. మాత్ర మెత్తగా నూరి, రెండు మూడు చుక్కల నీళ్లతో కలిపి 20 గ్రాముల పెల్లెట్లకు పట్టించండి. పైన కొంచెం తెల్లసొన పూసి నీడలో ఆరనిస్తే మందు నీళ్లలోకి కరిగిపోదు. ఆ రోజు ఈ మేతే ముందు పెట్టాలి, ఆకలి మీద ఉన్న చేపే మందు తింటుంది. ప్రతి చేపా తిన్నదో లేదో నిలబడి చూడండి. బరువు అంచనా వేయకండి. నీళ్లున్న బకెట్‌ను కాటా మీద పెట్టి, చేపను వేశాక పెరిగినది చూసుకుంటే చాలు.

అసలు తినని చేపకు నీళ్లలో వేయాలి. దాన్ని వేరే చిన్న తొట్టిలోకి మార్చి లీటరుకు 7 మిల్లీగ్రాములు, అంటే 200 లీటర్లకు 1400 మిల్లీగ్రాములు, 400 మాత్రలు మూడున్నర. 3 నుంచి 5 రోజులు, రోజూ కొంత నీరు మార్చాక మళ్లీ వేయాలి. ఫిల్టర్‌లో బొగ్గు ఉంటే ముందు తీసేయండి, లేకపోతే మందంతా అదే పీల్చేస్తుంది. షాపువాళ్లు ఇచ్చే నీలి మందు ఈ జబ్బుకు పనిచేయదు, పైగా ఫిల్టర్‌లోని మేలు చేసే బ్యాక్టీరియాను దెబ్బతీస్తుంది.

తినే చేపలకు ఈ మందు వాడకూడదు

ఇది అందరూ గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నిషేధించిన మందుల జాబితాలో మెట్రోనిడజోల్ ఉంది. బొచ్చె, రాగండి, రొయ్యల చెరువుకు దీన్ని వేయకూడదు. మందు కలిసిన నీళ్లను పక్క చెరువులోకో, కాలవలోకో వదలకండి. మన పెరటి తొట్టి చిన్నదే కావచ్చు, కానీ పక్కవాళ్ల రొయ్యల శాంపిల్‌లో ఆ అవశేషం తేలితే వాళ్ల సరుకంతా తిరిగొస్తుంది.

మందు అయ్యాక గుంటలు పూడటానికి వారాలు, లోతుగా ఉంటే నెలలు పడుతుంది. అంచులు మెత్తబడి కొత్త చర్మం కనిపిస్తుంటే తగ్గుతున్నట్టే, మళ్లీ మందు వేయనక్కర్లేదు. కొన్నింటికి మచ్చ అలాగే ఉండిపోతుంది. మలం పరీక్షలో శుభ్రంగా ఉందని తేలాకే అలాంటి చేపను గుడ్లకు పెట్టండి, అమ్మితే మచ్చ సంగతి కొనేవాళ్లకు ముందే చెప్పండి. కొలతూరు నుంచో, కోల్‌కతా నుంచో కొత్త చేపలు తెప్పిస్తే కనీసం 30 రోజులు వేరే తొట్టిలో ఉంచి, మలం గమనించాకే పాతవాటితో కలపండి.