ఉప్పునీట తేలే నల్ల గింజలు

ఉత్తరాదిన సొంత గోధుమనే విత్తనంగా దాచుకునే రైతు, విత్తే ముందు గుప్పెడు గింజలు చేటలో పరిచి చూస్తాడు. నున్నటి గింజల మధ్య 3 నుంచి 5 మిల్లీమీటర్ల పొట్టి, గట్టి, నల్లటి ఉండలు కనిపిస్తే అవి గింజలు కావు. ఆంగ్వినా ట్రిటిసి అనే నులిపురుగు గింజ ఉండాల్సిన చోట కట్టిన బుడిపెలు. ఈ తెగులును అక్కడ సేహూఁ అంటారు.

ఒక బుడిపెను బ్లేడుతో కోస్తే లోపల దూదిలాంటి తెల్లటి ముద్ద. అదంతా ఎండిపోయిన పిల్ల పురుగులే, వేల కొద్దీ. నీటిచుక్కలో కొన్ని గంటలు నాననిస్తే సూక్ష్మదర్శిని కింద మెలికలు తిరుగుతూ లేస్తాయి. 1743లో ఇంగ్లండ్‌లో జీవశాస్త్రజ్ఞుడు నీడమ్ చూసింది ఈ కదలికనే. పొడిగా ఉంటే పాతికేళ్లు దాటినా ఇవి చావవు, కాబట్టి విత్తనం పాతదైనా ధీమా పనికిరాదు.

అందుకే విత్తే ముందు విత్తనాన్ని శుభ్రం చేస్తారు. మొదట తూర్పారబట్టి జల్లిస్తారు. పొట్టు, దుమ్ము పోతాయి గానీ బుడిపెలు కొన్ని మిగులుతాయి.

తరువాత ద్రావణం. 10 లీటర్ల నీటికి 2 కిలోల ఉప్పు వేసి, అడుగున రవ్వ మిగలకుండా కర్రతో తిప్పుతారు. కిలో పాతిక రూపాయలనుకున్నా ఖర్చు 50 రూపాయలే. ఆ నీటినే మళ్లీ మళ్లీ వాడుకుంటారు.

పనితనమంతా గింజలు పోయడంలో ఉంది. ఒక్కసారిగా కుమ్మరిస్తే బుడిపెలు గింజల కింద ఇరుక్కుంటాయి. పొడి విత్తనాన్ని సన్నటి ధారగా పోస్తూ, రెండో చేత్తో అడుగునుంచి పైకి కలియబెడతారు. బరువైన గోధుమ మునుగుతుంది. తేలికైన బుడిపెలు, వాటితో తాలు గింజలు పైకొస్తాయి. వాటిని అప్పటికప్పుడే చిల్లుల గరిటెతో తీసేయాలి. ఆలస్యమైతే బుడిపెలు నీరు పీల్చి మునుగుతాయి. పనితెలిసినవాళ్లు ఆ తొట్టి దగ్గర కబుర్లు పెట్టుకోరు.

మునిగిన విత్తనాన్ని రెండు మూడుసార్లు మంచినీళ్లలో కడిగి, నీడన పలుచగా ఆరబోస్తారు. ఉప్పు మిగిలితే మొలక దెబ్బతింటుంది.

కొద్దిపాటి విత్తనానికైతే వేడినీటి పద్ధతీ ఉంది. 4 నుంచి 6 గంటలు మామూలు నీటిలో నానబెట్టి, 54 డిగ్రీల నీటిలో 10 నిమిషాలు ఉంచుతారు. థర్మామీటరు మీంచి కన్ను తీయకూడదు. వేడి మించితే మొలకే చస్తుంది.

తీసిన బుడిపెలను పెంటకుప్పలో వేయరు, ఉడకబెడతారు లేదా కాల్చేస్తారు. శుభ్రమైన విత్తనాన్ని కిందటేడు గోధుమ వేయని చేలో చల్లుతారు. తడినేలలో మేలుకున్న పురుగులు ఆ ఏడాదిలో తిండి దొరక్క చచ్చిపోయి ఉంటాయి.